అదురు తక్కువ

చెట్టు ఎక్కడ పడాలో ముందే అక్కడ నేలలో ఒక మేకు పాతేవాడు. తర్వాత చెట్టుని కోస్తే అది సరిగ్గా ఆ మేకు నెత్తిన పడేది. అందుకే కలప కంపెనీలో అందరూ అతణ్ణి కొలబద్ద అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. కోపం వస్తే భార్య కూడా, "ఊరందరికీ కొలబద్దే, నా మాట మాత్రం ఏ కొలతకీ రాదు" అని సణిగేది. ముప్ఫై ఒక్క ఏళ్లు కొండవాలు మీద చైన్ రంపంతో చెట్లు కోశాడు. అన్నేళ్లలో అతని చెట్టు ఒక్కటీ మనిషి మీద పడలేదు, పక్క చెట్టుకి చిక్కుకుని వేలాడలేదు. అక్కడ పనిచేసే నలభై మందిలో ఆ మాట అనుకోగలిగినవాడు మరొకడు లేడు.

అలాంటివాడు కాబట్టే, చలికాలం మొదట్లో ఒక పొద్దున మేనేజరు అతణ్ణి ఆఫీసు గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. బూట్ల నిండా రంపపు పొట్టు ఉందని కొలబద్ద కూర్చోలేదు.

"పాత మిషన్లన్నీ తీసేస్తున్నాం పెద్దాయనా. నలభై కొత్తవి కావాలి. మూడు కంపెనీలవాళ్లు తలా ఒకటి పంపించారు, వాడి చూసుకోమని. నాకు కాగితం మీద అంకెలు అర్థమవుతాయి గానీ రంపం అర్థం కాదు. పది రోజులు మూడూ నువ్వే వాడు. ఏది బలంగా కోస్తుందో, ఏది మొరాయించకుండా నిలబడుతుందో చూసి ఈ ఫారంలో టిక్కులు పెట్టు. నువ్వు ఏది అంటే అదే."

నువ్వు ఏది అంటే అదే. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ గదిలో అతనితో ఎవరూ అనని మాట అది. కొలబద్ద ఫారం మడిచి చొక్కా జేబులో పెట్టుకోబోయాడు. రెండుసార్లు జారి కింద పడింది. మూడోసారి అరచేతుల మధ్య ఇరికించి లోపలికి తోశాడు. మేనేజరు అప్పటికే ఫోన్ ఎత్తేశాడు కాబట్టి చూడలేదు.

అతని చేతులు చచ్చిపోయి మూడు చలికాలాలైంది. మొదట్లో పొద్దున పూట వేళ్ల చివర్లు సుద్దముక్కల్లా తెల్లబడేవి, కాసేపటికి సూదులు గుచ్చినట్టు మండి మళ్లీ ఎర్రబడేవి. పోనుపోను ఆ తెలుపు రెండో కణుపు దాకా పాకింది. ఆ తర్వాత మంట కూడా పోయింది. ఒకరోజు వేడెక్కిన సైలెన్సరు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు, చర్మం కాలిన వాసన వస్తే గానీ తెలియలేదు. ఏళ్ల తరబడి రంపం అదురు చేతుల్లోకి ఎక్కితే వచ్చే జబ్బు అది. దానికి మందు లేదు. ఏడాదికోసారి కంపెనీకి వచ్చే నర్సు వరసగా అందరినీ ఒకటే ప్రశ్న అడిగేది: "వేళ్లు మొద్దుబారుతున్నాయా?" అందరితో పాటు అతనూ "లేదమ్మా" అనేవాడు. అవునంటే ఆ రోజే రంపం లాగేసుకుంటారు. రంపం పోతే ఇల్లు పోతుంది. కంపెనీ గోడ వెంట ఉన్న ఆ రెండు గదుల ఇళ్లు రంపం పట్టేవాళ్లకే ఇస్తారు.

సంగతి తెలిసింది భార్య ఒక్కదానికే. పొద్దున్నే అతని చొక్కా గుండీలు ఆమే పెట్టేది. కూతురికి కూడా చెప్పలేదు. కూతురికి ఇరవై ఆరేళ్లు. అదే వాలు మీద, తండ్రి పడగొట్టిన మానుల్ని లారీ పొడుగుకి ముక్కలు కోసే పని ఆమెది. ఇంట్లో చిన్నమ్మ అనేవారు. మగవాళ్ల మధ్య ఒక్కతే పనిచేస్తూ, ఎవరైనా ఎగతాళి చేస్తే, "నీ నాలుక కంటే నా చైనే పదునుగా ఉంది అన్నా, కాస్త దూరంగా నిలబడు" అని నవ్వేసేది.

ఫారం సంగతి విని భార్య, "మీ చేతులతో చెయ్యలేనని చెప్పెయ్యండి. వేరేవాళ్లని పెట్టుకుంటారు" అంది.

"ఎందుకు చెయ్యలేనే? కోత కంటితో చూస్తాను, ఇంజను చెవితో వింటాను. చేతులతో పనేముంది?"

గుండీలు పెట్టడం అయిపోయింది.

మూడు మిషన్లలో ఒకటి ఎరుపు, ఒకటి బూడిదరంగు, ఒకటి పసుపు. పసుపుది రెండో రోజుకే తేలిపోయింది. పొట్టు ఎగిరితే చాలు ఊపిరాడనట్టు దగ్గి ఆగిపోయేది. గాలి జల్లెడ విప్పి దులిపితే పావుగంట నడిచి మళ్లీ అదే దగ్గు. మిగిలినవి రెండు. బూడిదరంగుది నెమ్మదస్తురాలు. దాని పిడి కింద అదురుని మింగే స్ప్రింగులు ఉన్నాయి. తాడు లాగితే రెండోసారికో మూడోసారికో అందుకునేది, అందుకున్నాక ఆగేది కాదు. ఎరుపుది మాత్రం రాక్షసి. రాత్రంతా మంచులో వదిలేసినా పొద్దున ఒక్క లాగుకి లేచేది. మూడడుగుల మాను బూడిదరంగు దానికి నాలుగు నిమిషాలు పడితే, దీనికి రెండున్నర చాలు. తడి కట్టె, ఎండు కట్టె, ముడి ఉన్న కట్టె, దేనికీ గొంతు మారేది కాదు. ఎన్నో ఏళ్ల తర్వాత కొలబద్దకి పనిలో ఉత్సాహం పుట్టింది. ఎరుపుది పట్టుకుంటే మోచేతి దగ్గర ఏదో వచ్చి తగిలినట్టుండేది, అంతే. అంతకు మించి అతని చేతులు అతనికేమీ చెప్పలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం కూతురు వచ్చి, "ఒక్క అరగంట ఇవ్వు నాన్నా, నేనూ చూస్తాను" అని ఎరుపు మిషన్ తీసుకెళ్లింది. అరగంట కాకుండానే తెచ్చి మొద్దు మీద పెట్టి చేతులు విదిలించుకుంది.

"కోయడం బాగా కోస్తోంది. కానీ నాన్నా, ఇది చేతుల్ని తినేస్తోంది. పళ్లు కూడా టకటకలాడుతున్నాయి. నీకు అనిపించట్లేదా?"

అనిపించట్లేదని చెప్తే ఎందుకు అనిపించట్లేదో చెప్పాలి.

"కొత్తది కదా తల్లీ. నాలుగు రోజులు వాడితే సర్దుకుంటుంది."

"అంతేనంటావా?"

"అంతే."

కూతురు నమ్మింది. మేకు నెత్తిన చెట్టు పడెయ్యగల మనిషి చెప్తే ఎవరు నమ్మరు?

పదో రోజు భోజనాల షెడ్డులో బల్ల మీద ఫారం పరిచాడు. కోత వేగం, నూనె ఖర్చు, చలిలో స్టార్టింగు, రిపేర్లు. అన్నిట్లోనూ ఎరుపుదానికే టిక్కు పడుతూ వచ్చింది. చివరి వరస, చేతికి అదురు. ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మూడు గడులు. పెన్ను పిడికిట్లో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఖాళీగా వదిలేస్తే మేనేజరు అడుగుతాడు. ఎక్కువ అని పెడితే తనకి తెలియనిది రాసినట్టు. కూతురి మాట పెడదామంటే, ఆ పిల్ల అరగంటేగా పట్టింది! ఇలా తనకి తానే లాయరై వాదించుకున్నాడు. చివరికి తన చేతులకి తెలిసిందే నిజమనుకుని, తక్కువ అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాడు.

నెల తిరిగేసరికి నలభై ఎర్ర మిషన్లు దిగాయి. మొదటి ఏడాది ఎవరి నోట విన్నా కొలబద్ద పేరే. లారీలు పెందలాడే నిండేవి. రిపేరు షెడ్డులో మెకానిక్కు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుని, "నా పొట్ట కొట్టావు కదయ్యా" అని నవ్వేవాడు. కొలబద్ద కూడా నవ్వేవాడు. చేతులు అదురుతున్నాయని ఒకరిద్దరు అన్నారు గానీ, కొలబద్ద చూసి ఎంచిన మిషన్ కదా అని వాళ్లే సర్దుకున్నారు.

మిషన్లు వచ్చిన రెండేళ్లకి, చలికాలంలో ఒక పొద్దున అతను కుళాయి దగ్గరికి వెళ్లేసరికి కూతురు మొహం కడుక్కుంటోంది. నీళ్లు ఆపబోయి ఆపలేక, మణికట్టుతో పిడిని తోస్తోంది. ఆ చేతి వేళ్లు నాలుగూ మొదటి కణుపు దాకా సుద్దముక్కల్లా ఉన్నాయి.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"వేళ్లు."

ఆమె చేతులు చంకల్లో దాచుకుంది. "చలి మొదలైనప్పట్నుంచి. కాసేపటికి మామూలైపోతుందిలే. నర్సుకి చెప్పకు."

ఆ రోజు అతను టిఫిను ముట్టలేదు. ఇంట్లోకొచ్చి గోడకి ఆనుకుని కూర్చుంటే భార్య వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమెకి చెప్పనక్కర్లేదు, కుళాయి దగ్గరి మాటలు విన్నది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. కాలింది మీ చేతులైతే నేనేమీ అనకపోదును" అంది.

అతను నేరుగా మేనేజరు గదికి వెళ్లాడు. ఈసారి కుర్చీ చూపించకపోయినా కూర్చున్నాడు. మొత్తం చెప్పేశాడు. తన చేతులకి ఐదేళ్లుగా స్పర్శ లేదనీ, అదురు సంగతి తనకి తెలియకుండానే టిక్కు పెట్టాననీ, ఆ మిషన్లు తీసేసి బూడిదరంగువి తెప్పించమనీ. మేనేజరు అంతా విని, బీరువాలోంచి ఫారం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ సంతకం నీదే కదా?"

"నాదే సార్. తప్పు కూడా నాదే."

"చూడు పెద్దాయనా. రెండేళ్లలో ఒక్క మిషన్ రిపేరుకి రాలేదు. ఇలాంటి వాటిని తీసేస్తామంటే పైవాళ్లు నన్ను పిచ్చాడంటారు."

"మిషన్లు రావు సార్. ఇక మనుషులే వస్తారు రిపేరుకి."

మేనేజరు ఫారం మళ్లీ బీరువాలో పెట్టాడు. చెడ్డవాడు కాదు. "మందపాటి చేతి తొడుగులు తెప్పిస్తాను" అన్నాడు. "నువ్వు చెప్పాక మాత్రం నేను విననట్టు ఉండలేను. రేపు డాక్టరు దగ్గరికి వెళ్లు."

డాక్టరు అతని వేళ్ల మీద సూది గుచ్చుతూ కళ్లు మూసుకుని చెప్పమన్నాడు. పదిసార్లు గుచ్చితే ఒక్కసారి తెలిసింది. పోయిన స్పర్శ తిరిగి రాదన్నాడు. "అదే మొదట్లోనే రంపం మానేస్తే?" అని కొలబద్ద అడిగాడు. మొదట్లో మానేస్తే చాలామందికి నెమ్మదిస్తుందన్నాడు డాక్టరు. ఆ మాట పట్టుకుని ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

కూతురు బల్ల దగ్గర కూర్చుని చైను పళ్లకి ఆకురాయి పెడుతోంది. రంపం మానెయ్యమని అతను చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నది.

"నిన్ను వాలు మీంచి తీసేశారా?"

"గేటు దగ్గర వేశారు."

"గేటు వాళ్లకి ఇల్లు ఇవ్వరు కదా నాన్నా."

కక్కలేక మింగలేక ఏళ్ల తరబడి దాచిన నిజాన్ని ఎట్టకేలకు కక్కితే, అది వెళ్లి సూటిగా కూతురి మెడకే చుట్టుకుంది. ఇప్పుడు ఆ ఇంట్లో రంపం పట్టేది ఆమె ఒక్కతే.

"ఆ రోజు నేను చెప్పాను కదా. నువ్వు తక్కువ అని పెట్టావా?" అంది.

"పెట్టాను."

ఆమె మళ్లీ ఆకురాయి అందుకుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతను ఆ తర్వాత ఎన్నోసార్లు భార్యతో అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డుకి వెళ్లి అందరి ముందూ ఒప్పుకున్నాడు. మీద పడి కొడతారనుకున్నాడు, దానికి సిద్ధపడే వెళ్లాడు. ఎవరూ కదల్లేదు. ముసలి డ్రైవరు డబ్బా మూత పెట్టాడు. అందరూ బావ అని పిలిచే రంపం మనిషి ఒకడు తన చేతులు బల్ల మీద పెట్టాడు. అవీ తెల్లగానే ఉన్నాయి. పక్కవాడూ పెట్టాడు. వాళ్లలో కొందరివి ఎర్ర మిషన్లు రాకముందే పోయాయి.

"నర్సుకి మేమూ లేదనే చెప్తున్నాం బాబాయ్" అన్నాడు బావ పక్కవాడు. "నువ్వు ఎక్కువ అని పెట్టినా ఏం కొనేవాళ్లో ఎవడికి తెలుసు? ఇక ఈ సంగతి పెద్దది చెయ్యకు. మా ఇళ్లు కూడా పోతాయి."

దెబ్బలైతే ఓర్చుకునేవాడు. ఈ మాటకి మాత్రం మొహం తిప్పుకుని బయటికి వచ్చేశాడు.

గేటు దగ్గర ఒక కర్ర స్టూలు, లారీ వస్తే ఎత్తాల్సిన ఇనప దూలం. కొత్తగా పనిలో చేరేవాళ్లు వస్తే ఆపి, చేతులు జాగ్రత్త అని చెప్పేవాడు. వాళ్లు "అలాగే పెద్దాయనా" అని తల ఊపి లోపలికి వెళ్లి ఎర్ర మిషన్ తీసుకునేవాళ్లు. చేతి తొడుగులు వచ్చాయి. వాటితో ట్రిగ్గరు పట్టు దొరకట్లేదని వారానికే అందరూ పక్కన పడేశారు.

వసంతంలో ఇంకో లోయలోంచి మరో కలప కంపెనీ మనిషి జీపులో వచ్చాడు. మేనేజరు గదిలో గంటసేపు ఉండి, పోతూ పోతూ గేటు దగ్గర జీపు ఆపాడు. చేతిలో ఫారం నకలు ఉంది.

"ఇది రాసింది మీరేనటగా? చాలా బాగా పరీక్షించారండీ. మేము అరవై తీసుకుంటున్నాం."

కొలబద్ద స్టూలు మీంచి లేచాడు. "ఆ చివరి టిక్కు తప్పు బాబూ. నా చేతులకి స్పర్శ లేదు. అదురు చాలా ఎక్కువ. మీ వాళ్ల చేతులు పోతాయి. ఇదిగో, చూడండి" అని రెండు చేతులూ జీపు కిటికీలోకి చాపాడు.

ఆ మనిషి చూశాడు. పాపం అన్నట్టు తల ఊపాడు. "పెద్ద వయసు కదండీ" అన్నాడు. తర్వాత, "గడ్డకట్టిన కట్టెలో చైను ఇరుక్కుంటుందా?" అని అడిగాడు.

"ఇరుక్కోదు" అన్నాడు కొలబద్ద. అబద్ధం చెప్పడానికి కూడా నోరు రాలేదు.

దూలం ఎత్తాడు. జీపు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కూతురు వాలు దిగి వచ్చేదాకా అతను ఆగాడు, ఇద్దరూ కలిసి ఇంటికి నడిచారు. ఆమె చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నడుస్తోంది. తలుపుకి చిన్న తాళం వేసి ఉంది, తల్లి సరుకులకి వెళ్లినట్టుంది. కూతురు తాళంచెవి తీసి రెండుసార్లు ప్రయత్నించింది, అది జారి మెట్టు మీద పడింది. తండ్రి వంగి తియ్యబోయాడు. నున్నటి రాయి మీంచి ఆ సన్నటి ఇనప ముక్కని అతని వేళ్లు ఎత్తలేకపోయాయి.

"వదిలెయ్ నాన్నా. అమ్మ వస్తుందిలే" అందామె.

మెట్టు మీద పక్కపక్కనే కూర్చున్నారు.