నా నోట్లోంచి పాప నోట్లోకి

నేను ఐదో తరగతి వరకే చదివాను. ఇంత పొడుగ్గా రాయడం ఇదే మొదలు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు సరిగ్గా తెలీదు, భయంగా కూడా ఉంది. రాత బాగోకపోతే తిట్టుకోకండి. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మాది రాజాం దగ్గర పల్లె. నా కూతురు రాజాంలో బట్టల కొట్టులో పని చేస్తుంది. దాని కూతుర్ని ఏడో నెల నుంచీ నేనే పెంచాను. ఇప్పుడు పాపకి రెండేళ్ళు దాటాయి.

మా ఇళ్ళల్లో చంటిపిల్లకి అన్నం ఊరికే పిసికి పెట్టం. పెద్దవాళ్ళం నోట్లో వేసుకుని, మెత్తగా నమిలి, వేలితో తీసి పిల్ల నోట్లో పెడతాం. చేప అయితే మరీను. ముల్లు ఉంటే నాలుకకి తెలిసిపోతుంది కదా. మా అమ్మ నాకు అలాగే పెట్టింది, నేను నా కూతురికి అలాగే పెట్టాను. నేను నమలడం మొదలెట్టగానే పాప నోరు తెరుచుకుని నా దవడ వైపే చూసేది. అది చూస్తేనే నాకు కడుపు నిండిపోయేది.

ఈ ఏడు దాని ముందు పళ్ళ మీద తెల్ల గీతలు వచ్చాయి. పాలు అంటుకున్నాయనుకుని కొంగుతో తుడిచాను. పోలేదు. అవి పసుపయ్యి, తర్వాత గోధుమరంగయ్యాయి. ఒకరోజు జంతిక కొరికితే పన్ను అంచు విరిగి జంతికలోనే ఉండిపోయింది. పక్కింటి వదిన చూసింది.

"ఓలమ్మో! వదినా, నీ మనవరాలు మా ముసలోడితో కలిసి సుట్టలు గాని కాలుస్తందేటి? ఆ పళ్ళేటి అలాగున్నాయి?"

"నోర్ముయ్యే. పాలపళ్ళు, ఊడితే మళ్ళీ వస్తాయి" అన్నాను. కానీ చల్లనీళ్ళు తాగినా పాప ఏడుస్తుంటే కూతురికి చెప్పాను.

కూతురు సెలవు పెట్టింది. ముగ్గురం శ్రీకాకుళం పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాం. బస్సులో నేను కూతుర్నే తిట్టాను.

"నువ్వు తెచ్చే సాకిలేట్లే దీని పళ్ళు తినీసినాయి."

"నాను వారానికోటి తెస్తాను. నువ్వు రోజూ పంచదార పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెడతన్నావు కాదేటి?"

డాక్టరమ్మ చిన్నపిల్లే. పాప నోరు చూసి, "అన్నం ఎవరు పెడతారమ్మా?" అంది.

"నానే. ముల్లు లేకుండా నమిలి పెడతాను" అన్నాను, గొప్పగా.

"మీ నోరు ఓసారి చూపించండి" అంది ఆవిడ.

నాకు నవ్వొచ్చింది. "నాకేటయింది? నొప్పొస్తే గుడాకు రుద్దుకుంటాను, తగ్గిపోతాది." గుడాకంటే పొగాకు కలిపిన నల్లటి ముద్ద. మా ఆడవాళ్ళలో చాలామంది పళ్ళకి రాసుకుంటారు.

ఆవిడ సన్నటి కమ్మీ చిగురులో పెట్టగానే రక్తం వచ్చింది. ఏళ్ళ తరబడి పళ్ళు తోముకుంటే రక్తం వస్తూనే ఉంది, అందరికీ ఇంతే అనుకున్నాను. వెనక రెండు పళ్ళు పుచ్చి డొల్లయిపోయాయంది. పళ్ళ సందులోంచి తెల్లటి పాచి గీకి, గాజుముక్క మీద పెట్టి, ఏదో మిషను కింద పెట్టింది. గోడ మీద టీవీలో బొమ్మ పడింది.

పుల్లల్లాంటివి. పాముల్లా మెలికలు తిరిగేవి. గుండ్రటివి, గుంపులు గుంపులు. అన్నీ కదులుతున్నాయి.

"ఇయ్యేటి?"

"మీ నోట్లోవేనమ్మా."

నా ఒళ్ళు జల్లుమంది. కుర్చీలోంచి లేచిపోయాను. ఆ నోటితోనే కాసేపటి క్రితం పాప బుగ్గ మీద ముద్దు పెట్టాను.

ఇలాంటివి అందరి నోట్లోనూ ఉంటాయని ఆవిడ చెప్పింది. కొన్ని మనం తిన్న తీపి తిని పులుపు చేస్తాయట, ఆ పులుపుకి పన్ను కరుగుతుందట. ఇంకొన్ని చిగురు కింద చేరి చిగురునీ, దాని కింద ఎముకనీ పాడుచేస్తాయట. పుట్టినప్పుడు పిల్ల నోట్లో పన్ను పుచ్చబెట్టేవి ఉండవట. పెంచేవాళ్ళ ఉమ్మిలోంచే ఎక్కువగా వస్తాయట.

"అయితే దానికి నానే ఎక్కించినానా?"

"మీ ఒక్కరి వల్లే అని చెప్పలేం. తీపి పాలు కూడా ఉన్నాయి కదా. ఇక మీదట మాత్రం నమిలి పెట్టకండి."

నా కూతురు అరుస్తుందనుకున్నాను. అరవలేదు. తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ అంది, "అమ్మా, రేపట్నుంచి దీన్ని నాతో కొట్టుకి తీసుకుపోతాను."

"ఇంక నోట్లో పెట్టనే. ఒట్టు."

"నీకు తెలీకుండానే పెట్టీస్తావు. నాకు తెల్దేటి?"

"ఒక్క వారం సూడు. మళ్ళీ పెడితే తీసుకుపో" అని బతిమాలాను.

మర్నాడు చేత్తో పిసికి పెడితే పాప ఉమ్మేసింది. నా దవడ పట్టుకుని లాగింది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టయింది. నాలుగో రోజు చేప ఒలుస్తూ ఒలుస్తూ ముక్క నా నోట్లో పెట్టేసుకున్నాను. నిజంగా నాకు తెలీదు. పాప నోరు తెరిచేసింది. గుమ్మంలో, కొట్టు నుంచి వచ్చిన కూతురు సంచీతో నిలబడి ఉంది. టీవీలో పాములు నా కళ్ళ ముందు మెదిలాయి. పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేశాను.

వెనక్కొచ్చేసరికి నా కూతురు సంచీ పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, పాప ముందు కూర్చుని ఉంది.

"ఒలే అమ్మా, ఇలా రా. నాను ముల్లు తీస్తాను, నువ్వు పిసుకు. ఇద్దరం ఉంటే ఎందుకు తినదో సూద్దాం."

ఆ పూట పాప నాలుగు ముద్దలు తింది. ఇప్పటికీ నా దగ్గరే ఉంటోంది. దాని ముందు పళ్ళకి డాక్టరమ్మ సిమెంటు లాంటిది పెట్టింది. నాకు రెండు పళ్ళు పీకి, చిగుళ్ళు శుభ్రం చేసింది. గుడాకు మానేశాను, చాలా కష్టంగా ఉంది.

మా వీధిలో ఇంకా నమిలి పెడుతున్నారు. చెబితే నవ్వుతున్నారు. అందుకే ఇదంతా రాశాను. తప్పులుంటే మీ ఇంట్లో చదువురాని పెద్దమనిషి రాసిందనుకుని నన్ను క్షమించండి.