రాకర్ మీద కుంకుమ

కోరుట్ల ఇంజన్ మేస్త్రి చనిపోయాడని మొన్న పొద్దున మా ఆయనకు ఫోన్ వచ్చింది. ఒక కాలికే చెప్పు వేసుకుని గడపలో నిలబడి చెప్పాడు. "ఏ మేస్త్రి?" అన్నాను. తెలిసే అడిగాను. ఇంకో మేస్త్రి ఎవరైనా అయితే బాగుండునని అడిగాను.

అప్పటి నుంచి నాకు ఒక పని మీద చేయి నిలవడం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నాను. ఆయన భార్య ఇంత అన్నం తిన్నదో లేదో, షెడ్డుకు తాళం ఎవరు వేశారో, ఎవరి ఇంజన్‌నైనా సగం విప్పి పెట్టి పోయాడేమో. ఇవన్నీ నాకెందుకు? కానీ నా మనసు అంతే. మా దిక్కు దిగులును రంది అంటారు. మా ఇంట్లో రంది అంతా నా ఒక్కదాని వాటాకే వచ్చిందని మా ఆయన ఎగతాళి.

మేస్త్రి పుట్టింది సిరిసిల్లలో, మరమగ్గాల మధ్య. పక్క మనిషి అరిచినా వినపడని ఆ మోతలో, ఏ మగ్గం తప్పు నడుస్తున్నదో వాళ్ల నాయన గోడకు ఒరిగి కళ్లు మూసుకునే చెప్పేవాడట. ఆ చెవే ఈయనకు వచ్చింది. మగ్గాల మీద పని దొరకని కాలంలో కోరుట్లకు వచ్చి, ఇంజన్ల పని నేర్చుకుని అక్కడే నిలిచిపోయాడు.

నాకు ఆయన బాగా ఎరుకైంది తెలంగాణ కొట్లాట జోరుగా నడిచిన ఏడు. బొగ్గు బాయిల్లో పని ఆగింది. బస్సులు ఆగాయి. కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. మేడిపల్లి పక్కన మా మడిలో వరి సరిగ్గా అప్పుడే పొట్టకు వచ్చింది. మా అత్తమామలకు గుంట భూమి లేదు. మేమిద్దరం కూలికి పోయి, కడుపు కట్టుకుని కొన్న మడి అది. ఆ వారం నీళ్లందకపోతే గింజ అంతా తాలే. తెలంగాణ రావాలని నాకూ ఉంది. కానీ తెలంగాణ వచ్చేదాకా ఆగమంటే వరి ఆగుతుందా?

అందుకని మూలకు పడ్డ పాత డీజిల్ ఇంజన్‌ను మేస్త్రి దగ్గర వేశాం. అంతా విప్పి, కొత్త రింగులు వేసి, ఇంజన్ పైన ఉండే హెడ్డు బాగు చేసి ఇచ్చాడు. బాయి దగ్గర పెట్టి తిప్పితే నీళ్లు దుమికాయి. మా ఆయన మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం ఆ పెద్ద మోత వెనక ఇంకో చప్పుడు వినపడింది. టక్, టక్, టక్.

"ఇనవడ్తుందా?" అన్నాను.

"నీకు అన్నీ సప్పుడే. పెండ్లి బాజా ఇన్నా ఎవరో సచ్చిన్రనుకుంటవ్" అన్నాడు.

మర్నాటికి ధార సన్నబడింది. పొగ నల్లబడింది. మా ఆయన కదలడు. నేనే కోరుట్ల దారి పట్టాను.

కోరుట్ల బయట రోడ్డుకు అడ్డంగా రాళ్లు, బండ్లు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు. ఆ గుంపులో ఉల్లిగడ్డలు కోస్తూ కనిపించాడు మేస్త్రి.

"తమ్మీ, ఇంజన్ టక్ టక్ అంటున్నది."

"కొత్తగ చేసింది గదక్కా, జెర సర్దుకుంటది."

"గది సర్దుకునే సప్పుడు గాదు."

కత్తి కింద పెట్టాడు. "ఎట్ల అంటున్నదో నువ్వే అను."

అంతమంది ముందు సిగ్గేసింది. అయినా అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు పక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు.

"గట్ల గాదు. పొగగొట్టం దెబ్బను తొడ మీద కొట్టుకుంట, టక్ ఏడ పడ్తదో నోటితోని అను."

కొట్టుకుంటూ అన్నాను. కళ్లు మూసుకుని విన్నాడు. "దెబ్బకు ఒక్క టక్కే. కింద పిస్టన్ దిక్కుదైతే రెండు పడుతుండె. పైననే ఉన్నది, రాకర్ల కాడ." లేచి చేతులు తుడుచుకున్నాడు.

"రోడ్డు బంద్ ఉన్నది గదా, ఎట్ల అస్తవ్?"

"బంద్ జేసింది మేమేనాయె. నన్ను నేనే ఆపుకుంటనా?"

వెనక నుంచి ఎవడో అరిచాడు: "మేస్త్రీ, ఉద్యమం ఇడిసి పోతున్నవా?"

"వరి ఎండినంక తెలంగాణ అస్తే ఏం వండుకుంటవ్‌రా?" అని ఆ మాట అక్కడే ఆపి, సంచి భుజాన వేసుకుని పొలాల మీదుగా నా వెంట వచ్చాడు.

బాయి దగ్గర ఇంజన్ పైమూత విప్పాడు. రాకర్ అంటే పిల్లలు చెరో దిక్కు కూర్చుని ఊగే బల్ల లాంటిది. ఒక కొసను కింది నుంచి కడ్డీ లేపుతుంది, రెండో కొస గాలి, పొగ దారిని తెరిచే వాల్వును నొక్కుతుంది. రాకర్‌కూ వాల్వుకూ నడుమ ఉండాల్సిన సందును పలచని రేకు పెట్టి చూశాడు. రేకు సరిగ్గా పట్టింది. మా ఆయన నా వైపు చూశాడు, చెప్పానా అన్నట్టు. సందు బాగానే ఉంటే మరి చప్పుడెక్కడిది? ఇంజనే పోయిందా?

మేస్త్రి రేకును జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "అక్కా, జెర కుంకుమ తే. నూనె రెండు సుక్కలు" అన్నాడు.

"కుంకుమ ఎందుకు తమ్మీ? ఇనుముకు బొట్టు పెడ్తవా?"

"గుర్తు పెట్టే రంగు కావాలె. బందుల షాపులన్నీ మూసిన్రు."

దేవుడి గూట్లోని కర్ర భరిణ తెచ్చాను. నల్లటి బొటనవేలితో మూత తీశాడు. నా ప్రాణం చివుక్కుమంది, అపచారమేమోనని. కుంకుమను నూనెలో కలిపి వాల్వు కొసకు పూసి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి, రాకర్‌ను ఊడదీసి వెలుతురుకు పెట్టాడు. ఎరుపు నడుమ అంటలేదు. ఒక అంచుకే గీతలాగా అంటింది.

"నాదే తప్పక్కా" అన్నాడు వెంటనే. "ఊరేగింపు లొల్లి ఇని తొందరల బిగించిన. గీ వాషర్ అటుదిక్కు ఉండాలె, ఇటుదిక్కు ఏసిన. రాకర్ పక్కకు జరిగి అంచు మీద కొడుతున్నది. షాపులు లేక పాత రాకరే ఏస్తి. దీని మొఖం అరిగి గుంత వడ్డది."

"మరి రేకు సరిగ్గనే పట్టె గద?" అన్నాడు మా ఆయన.

"రేకు గుంత మీదికెల్లి పోతదన్నా, వంతెన లెక్క. కింద గుంతున్నదని దానికెట్ల ఎరుక?"

చిన్న సానరాయి మీద నూనె వేసి రాకర్ మొహాన్ని రుద్దాడు. పైనున్న గట్టి పొర పలచన, ఎక్కువ రుద్దితే పోతుందని మాటిమాటికీ గోటితో తడిమి చూశాడు. వాషర్ మార్చాడు, మళ్లీ కుంకుమ పూశాడు. ఈసారి ఎరుపు నడిమధ్యన అంటింది. సందు సరిచేసి ఇంజన్ తిప్పాడు. నేను చెవి పెట్టాను. పొగగొట్టం మోత తప్ప ఏమీ లేదు. నీళ్లు మడి చివరి దాకా పోయాయి. ఆ ఏడు మాకు గింజ దక్కింది.

పోయే ముందు మా ఆయనతో, "అక్క రంది వడ్తదని నవ్వకన్నా. గామెకు జాగ ఎరుకలేదు గని సప్పుడు నిజమే" అన్నాడు. నాతో, "రంది అచ్చినప్పుడు ఏడ సప్పుడైతుందో సూడక్కా. జాగ దొరికితే సగం పనైనట్టే" అన్నాడు. నా భయాన్ని ఎవరో ఒకరు నిజమని నమ్మడం నా బతుకులో అదే మొదలు.

ఆ తర్వాత ఎక్కడ కనబడినా బాగున్నావా అని అడిగేవాడు కాదు. "ఏడన్న సప్పుడున్నదా అక్కా?" అనేవాడు. నేను ఏదో ఒకటి చెప్పేదాన్ని. పూర్తిగా వినేవాడు.

చివరిసారి జగిత్యాల దవాఖాన మెట్ల మీద కనబడ్డాడు. చెంపలు లోపలికి పోయి, దగ్గుతూ కూర్చున్నాడు. ఈసారి నేను అడిగాను. "ఏడ సప్పుడైతుంది తమ్మీ?"

చేయి ఛాతీ మీద పెట్టుకున్నాడు. "గీడ. జాగ దొరికిందక్కా. గని గిది ఇప్పి మల్ల బిగించేది గాదట" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఇప్పుడు కరెంటు పోదు. ఇంజన్ గోనెపట్టా కింద ఉంది. కర్ర భరిణ మూత మీద మాత్రం ఆయన బొటనవేలి నల్లటి మరక అట్లాగే ఉంది. అప్పట్లో ఇంటికి కీడని చింతపండుతో తోమాను, బూడిదతో రుద్దాను. నూనె కర్రలోకి ఇంకింది, పోలేదు. ఇవాళ పొద్దున బొట్టు పెట్టుకుందామని భరిణ తీశాను. నా వేలు ఆ మరక మీదే పడింది. మూత తెరవకుండా, చెవి ఒగ్గి, చాలాసేపు అట్లాగే కూర్చున్నాను.