పెళ్లిపాటల పోర్చుగీసు

మా అమ్మాయి లిస్బన్‌లో నర్సు. అక్కడి కుర్రాడిని చేసుకుంటానంది. కుర్రాడి తల్లికి వాళ్ల భాష తప్ప మరొకటి రాదు. పిల్ల తండ్రి మనస్ఫూర్తిగా ఒప్పుకున్నట్టు తన భాషలో ఆయన నోటి నుంచే వినాలని, అంతవరకూ పెళ్లి మాట ఎత్తొద్దని పట్టుబట్టింది. నాకు నెల రోజులు గడువు.

అమలాపురంలో ఇన్నేళ్లూ తెలుగు వ్యాకరణం చెప్పి పిల్లల్ని నిద్రపుచ్చినవాణ్ణి, పోర్చుగీసు వ్యాకరణం తెరిచి నేనే నిద్రపోయాను. అమ్మాయి జాలిపడి, పెళ్లి మీద కట్టిన ప్రేమపాటలు సాహిత్యంతో సహా పంపింది.

పెళ్లాడటాన్ని వాళ్లు రాసే మాటను నేను 'కసర్' అని చదివాను. పెళ్లికీ కసరటానికీ ఒకటే ధాతువని కనిపెట్టిన భాష మీద గౌరవం కలిగింది. కోడల్ని 'నోరా' అంటారట. మా అమ్మ ఉండుంటే ఆ నిఘంటువుకి దండం పెట్టేది. పైగా పాటకి పదిసార్లు 'ఆయ్' వినిపించింది. మా కోనసీమలో పెద్దలేమడిగినా మర్యాదగా ఔననే మాట అదే కదా! వీళ్లూ మనవాళ్లే అనుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్‌లో వీడియో పెట్టుకుని కూర్చున్నాం. మా ఆవిడ బండారులంక నేత చీర కట్టింది. కాబోయే వియ్యపురాలు అడిగింది, పిల్లనివ్వడం నాకు సంతోషమేనా అని.

"ఆయ్," అన్నాను, చేతులు కట్టుకుని.

ఆమె ముఖం వాడిపోయింది. మళ్లీ అడిగింది.

"ఆయ్! ఆయ్!" తల కూడా వంచాను.

ఆమె కళ్లు తుడుచుకుంది.

"నాన్నగారూ, ఆపండి! ఇక్కడ ఆయ్ అంటే అయ్యో, నొప్పి అనండీ! మీకిష్టం లేదనుకుంటున్నారు," అంది అమ్మాయి ఏడుపు గొంతుతో.

"పెళ్లిపాటల నిండా అయ్యో నొప్పనే రాసుకున్నారా? తెలిసినోళ్లే రాసేరండీ," అంది మా ఆవిడ.

పిల్ల పెళ్లి నా నాలుక మీద ఆగింది. 'ఒప్పుకుంటున్నాను' అనటానికి వాళ్ల మాట గుర్తొచ్చింది, దాని వెనకే 'పెళ్లాడటానికి'. చరణాల చివర తరచూ వచ్చే 'కొంతీగు' వాళ్ల 'అండీ' కాబోలని, గౌరవానికి అదీ తగిలించి, గుండె మీద చెయ్యేసుకుని గట్టిగా చెప్పేశాను.

అవతల కుర్రాడు, వాళ్లమ్మ, మా అమ్మాయి ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

"ఏవన్నానమ్మా?"

"నిన్ను పెళ్లాడటానికి ఒప్పుకుంటున్నానన్నారు నాన్నగారూ. కొంతీగు అంటే 'నీతో' అని. గౌరవం కాదు, ఏకవచనం!"

వియ్యపురాలు నవ్వాపుకుంటూ ఏదో అంది. అమ్మాయి తర్జుమా చేసింది: "ఇంత ఉత్సాహంగా ఉన్నారు కాబట్టి మా పెళ్లి ఖాయమటండీ. మీ సంబంధం సంగతి మాత్రం అమ్మనడిగి చెప్పమంటున్నారు."

మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "నాకేం అభ్యంతరం లేదని చెప్పవే. ఈయన్ని తీసుకెళ్లేటప్పుడు ఆ బీపీ మాత్రలు కూడా మర్చిపోకుండా పట్టుకెళ్లమను."