కుర్చీ సీను

ఆ సినిమా హాల్లో అతన్ని అందరూ చెవులాయన అంటారు. చెవులు పెద్దవని కాదు, మామూలు చెవులే. ఆట వదిలాక బయటికెళ్ళే తలుపు రెక్క పట్టుకుని నిలబడడం అతని ఉద్యోగం. కొత్త సినిమా పడిన రోజు మాత్రం ఆ నిలబడడంలోనే ఇంకో పని ఉంది. మధ్యాహ్నం ఆట అయ్యాక జనం ఏమనుకుంటూ పోతున్నారో వినాలి. విన్నది మేనేజరు గదిలోకి వెళ్ళి అప్పజెప్పాలి. బొమ్మ ఉండాలో ఊడాలో మేనేజరు అక్కడికక్కడే తేల్చేస్తాడు. పత్రికల వాళ్ళు ఏం రాశారో, ఫోన్లలో ఎన్ని చుక్కలిచ్చారో ఆయనకు అక్కర్లేదు. "టికెట్ కొన్నవాడు గుమ్మం దాటేదాకా అబద్ధం ఆడడయ్యా, దాటాకే మొదలెడతాడు" అంటాడు.

చెవులాయన పాలలో నీళ్ళు కలపని మనిషి. తిట్టు వింటే తిట్టే చెబుతాడు. మరి నీకెలా ఉందని అతన్ని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికి సినిమా చూస్తేగా! ఏళ్ళ తరబడి అతను చూసిందల్లా చీకట్లోంచి ఎండలోకి వచ్చి కళ్ళు చిట్లించే మొహాలు. అవంటే అతనికి ఇష్టం. పగటి నిద్రలోంచి లేచిన పసివాళ్ళలా ఉంటారు. ఇది ఏ ఊరు, ఈ కాళ్ళు మనవేనా అని ఒక్క క్షణం తేల్చుకోలేరు. ఆ క్షణంలో జారిన మాటే అసలు మాట.

అట్లా లోకం మాటలన్నీ నింపుకుని ఇల్లు చేరేసరికి చెవుల్లో చోటుండదు. భార్య ఏదో మొదలుపెడుతుంది. అతను గోడకు తిరిగి పడుకుంటాడు. ఆవిడ పగలంతా ఇంట్లో కూర్చుని ఓ చొక్కాల కొట్టుకి కాజాలు కుడుతుంది. పలకరించే దిక్కు లేని పని.

ఈసారి పడింది బావమరిది తీసిన దయ్యం సినిమా. నలుగురు కుర్రాళ్ళు పాడుబడ్డ ఇంట్లోకి వెళ్తారు, తిరిగి రారు, వాళ్ళ కెమెరా ఒక్కటే దొరుకుతుంది. అందులో ఏం ఉందో అదే సినిమా. పేరున్న నటులు లేరు, పాటలు లేవు, లైట్లు కూడా లేవు. పాడుబడ్డ ఇల్లు అక్కాబావలదే. పాడుబడ్డట్టు కనిపించడానికి పెద్దగా కష్టపడలేదు కూడా.

"కెమెరా పట్టుకుని పరిగెత్తడమేనా? సినిమా అంటే ఇంతేనా?" అని అప్పట్లోనే అడిగాడు చెవులాయన.

"ఆ కుదుపులోనే ఉంది బావా అంతా. నీకర్థం కాదులే."

చుట్టరికం కొద్దీ ఈసారి చెవులాయన లోపలికి వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు.

తెర మీద తన ఇల్లు. తెలిసిన ఇల్లే, కానీ కలలోకి వచ్చిన ఇల్లులా ఉంది. వంటగదికీ పడకగదికీ మధ్య లేని దూరం ఒకటి పుట్టింది. రోజూ తల వంచి దాటే గుమ్మం అంతెత్తున నోరు తెరుచుకుని నిలబడింది. గోడ మీది చెమ్మ మరక సముద్రంలా పరుచుకుంది. కుర్రాళ్ళు అరుస్తూ అటూ ఇటూ పరిగెత్తారు. ముందు వరసలో ఎవరో ఇంతేసి ఆవలించారు.

అప్పుడు కుదుపు ఆగింది. కెమెరా బీరువా మీద నుంచి కిందికి చూస్తోంది. చప్పుడు లేదు. నేల మీద ఎండ ముక్క. ఆరబోసుకున్న జుట్టుతో ఒక ఆడమనిషి వీపు, ఆమెకెదురుగా ఖాళీ కుర్చీ. ఆవిడ కుట్టుకుంటూ కుర్చీతో మాట్లాడుతోంది. నవ్వింది. కుర్చీ బదులు చెప్పినట్టు ఆగి, తలూపింది. కత్తెర ఎత్తి దాన్ని బెదిరించింది. మళ్ళీ నవ్వి, ముందుకు వంగి, గుట్టుగా చాలాసేపు ఏదో చెప్పింది. ఎండ ముక్క నెమ్మదిగా జరిగి కుర్చీ ఒళ్ళోకి ఎక్కింది.

హాలంతా బిగుసుకుపోయింది. చెవులాయనకు భయం వేయలేదు. ఆ జుట్టు తన భార్యది. ఆ కుర్చీ తనది.

ఆట ముగియకముందే లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు. జనం వచ్చారు.

"కెమెరా పట్టుకున్నవాడికి వణుకుడు రోగమట్రా? నాకు తల తిరిగిపోయింది."

"మా అన్నయ్య పెళ్ళి వీడియో ఇంతకన్నా భయంగా ఉంటుంది."

"అన్నీ సరే, ఆ కుర్చీ సీను చూశావా? బాబోయ్! ఆ కుర్చీలో ఎవరో ఉన్నారే. ఆవిడ వింటోంది చూడు, అబద్ధమైతే అట్లా వినలేరు."

"నేను మాత్రం ఇవాళ ఇంట్లో కుర్చీలన్నీ బోర్లించి పడుకుంటా."

చివరగా ఒక నడివయసు జంట వచ్చింది. "ఆ కుర్చీలో ఉన్నది మీరేనేమో అనిపించిందండీ" అంది ఆమె.

"నేనా? అందులో ఎవరూ కనపడలేదుగా!"

"అదే నేను చెప్పేదీ."

తలుపు రెక్క అతని చేతిలోంచి జారి కొట్టుకుంది.

మేనేజరు గది మెట్ల దగ్గర బావమరిది కాచుకుని ఉన్నాడు. మొహం పాలిపోయింది.

"ఏరా, ఏమిటిది?"

"ఆ రోజు కెమెరా ఆపడం మర్చిపోయి భోజనానికి పోయాం బావా. మైకు ఆపాం, కెమెరా ఆపలేదు. తర్వాత చూస్తే అక్క. దయ్యం వేషానికి మనిషి కుదరక ఏడుస్తున్నాం, ఇంకేం చేస్తాం, పెట్టేశాం."

"అక్కకి చెప్పావా?"

"చెబితే బతకనిస్తుందా?"

"రేపు పక్కింటివాళ్ళందరినీ వేసుకుని వస్తోంది కదరా! నలుగురి మధ్యా తనని తాను దయ్యంగా చూసుకోవాలా?"

"అందుకే బావా, నీ కాళ్ళు పట్టుకుంటా. మేనేజరుకి బాలేదని ఒక్క ముక్క చెప్పు. సాయంత్రానికి ఎత్తేస్తారు. సినిమా పోతే పోయింది, నేను బతికితే చాలు. అక్కకి తెలియదు."

చెవులాయన మెట్లెక్కాడు. బాలేదని చెబుదామనే ఎక్కాడు. మేనేజరు తలెత్తి "ఏమంటున్నారయ్యా?" అనగానే నోరు దాని పని అది చేసుకుపోయింది. వణుకుడు రోగం, పెళ్ళి వీడియో, బోర్లించిన కుర్చీలు, ఆఖరికి ఆ జంట మాటలతో సహా విన్నది విన్నట్టు బయటపెట్టింది. మేనేజరు పడీ పడీ నవ్వాడు. "ఉంచుదాం. కుర్చీ గురించి ఇంకో పదిమందికి చెబుతారు."

ఇక తానే వెళ్ళి భార్యకు చెప్పాలి.

ఆ వేళప్పుడు అతను ఇంటికి పోవడం ఎన్నడూ లేదు. వీధి తెల్లగా, మెత్తగా, ఇంకా ఎవరో తీస్తున్నట్టే ఉంది. గుమ్మం దగ్గర తల వంచబోయి, అవసరమా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. లోపల ఎండ ముక్క అక్కడే ఉంది. భార్య ఉలిక్కిపడి తలెత్తింది.

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

చెప్పాడు. కెమెరా, బీరువా, వీపు, అన్నీ. సూది ఆగిపోయింది.

"మొహం కూడా పడిందా?"

"నవ్వినప్పుడు ఒక చెంప."

"తల కూడా దువ్వుకోలేదే ఆ రోజు! వాణ్ణి నేను ఎత్తుకుని పెంచానండీ. రానీ, వాడి పని చెబుతా." సూది మళ్ళీ కాజాలో గుచ్చింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది, "జనం ఏమంటున్నారు?"

"హడలిపోతున్నారు. నువ్వు దయ్యమట."

ఆవిడ పెదవులు బిగబట్టింది. కళ్ళు తడిశాయి. ఏడుస్తుందనుకున్నాడు. ఒక్కసారిగా పకపకా నవ్వింది. నవ్వు ఆగాక ముక్కు తుడుచుకుంటూ, "మీరూ చూశారుగా. మీకెలా ఉంది?" అంది.

"నాకా?"

"మీకే. ఇంకెవరున్నారిక్కడ?"

చెవులాయన తడబడ్డాడు. లోపల వెతికితే అందరి మాటలూ దొరుకుతున్నాయి, తనది దొరకడం లేదు. చివరికి అన్నాడు: "నువ్వు చెబుతున్నది వినపడలేదు. అదొక్కటే బాలేదు."

ఆవిడ అతని మొహంలోకి చూసింది, ఇది ఎవరన్న మాటో పోల్చుకుంటున్నట్టు. ఎవరిదీ కాదని తేలాక కుర్చీని కాలితో అతని వైపు తోసింది.

"ఆనాటిది నాకూ గుర్తులేదు. సగం మీ మీద చాడీలే అయ్యుంటాయి. ఇవాళ్టిది ఉంది, చెబుతాను. పొద్దున ఆ కొట్టతని తమ్ముడొచ్చాడా..."

"ఏ కొట్టతను?" అన్నాడు చెవులాయన, కూర్చుంటూనే.

ఆవిడ సూది అతని వైపు చూపించింది. "మొదలెట్టకుండానే అడ్డు రాకండి. ఇన్నేళ్ళలో ఈ కుర్చీ ఒక్కసారి అడ్డొచ్చిందా?"