పైగడిలో సంతకం

ఆ బ్యాంకులో అందరూ ఆమెను కౌంటరమ్మ అనేవారు. అనరూ మరి? పద్దెనిమిదేళ్లు ఒకే కిటికీ వెనక కూర్చున్న మనిషికి వేరే పేరెందుకు! మేనేజరు కావాలంటే అప్పుల విభాగంలో పనిచేసిన అనుభవం ఉండాలి. ఆ విభాగానికి పంపేవాళ్ల జాబితాలోకి ఆమె పేరు వచ్చినప్పుడల్లా పైవాళ్లు కొట్టేసేవారు. "ఫ్యాక్టరీల వెంట తిరగాలమ్మా. పిల్లల తల్లివి, నీకెందుకా తిప్పలు" అనేవారు, ఏదో పుణ్యం కట్టుకున్నట్టు. వాళ్ల దయ తగలెయ్య. వయసు నిబంధన ప్రకారం ఇక ఆమెకు మిగిలింది ఒక్క ప్రమోషన్ ఇంటర్వ్యూ.

అప్పుల విభాగం పెద్దాయనకు కోపం ముక్కుమీదే ఉండేది. అందుకే అందరూ ఆయన్ను చాటుగా 'చిటపటలు' అనేవారు. రిటైరవడానికి ఆరు నెలలుందనగా ఒక పొద్దున ఆయన ఆమె కిటికీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఆ కుర్చీకి నిన్నేమైనా మేకులేసి కొట్టారా? నిన్ను నా విభాగానికి ఇమ్మని మేనేజరుతో మాట్లాడాను. లే, మన దగ్గర అప్పు తీసుకున్న ఐసు ఫ్యాక్టరీ చూసొద్దాం."

ఫ్యాక్టరీ యజమాని ఆయనకే కుర్చీ వేసి, ఆయనతోనే మాట్లాడబోయాడు. "నాకు గొంతు బాగాలేదు, మేడమ్‌తో చెప్పండి" అని ఆయన నోటికి తాళం వేసుకున్నాడు. తిరుగు దారిలో మాత్రం జీపు అదిరిపోయేలా అరిచాడు. "మిషను నడుస్తోందా అని వాణ్ణి అడుగుతావేం? గొట్టం మీద చెయ్యేసి చూడు, చల్లగా ఉందో లేదో." ఆరు నెలలపాటు ఎక్కడికి వెళ్లినా ఆ గొంతుకు అదే జబ్బు.

తనిఖీ రిపోర్టు చివర సంతకాలకు రెండు గడులుంటాయి. పైన తనిఖీ చేసిన అధికారి, కింద సహాయకులు. పని ఎవరు చేసినా పైగడి పెద్దవాళ్లదే. ఏళ్ల తరబడి అదే ఆనవాయితీ. ఆయన మాత్రం పైన ఆమెచేత పెట్టించి, తను కింద పెట్టేవాడు. ఇదేంటి సార్ అంటే కసిరేవాడు.

ఇంటర్వ్యూలో పెద్దలు ఆ రిపోర్టులన్నీ తిరగేశారు. వాటి మధ్య ఉన్న ఒక మెమో తీసి ఆమె ముందు పెట్టారు. సీనియరు అధికారి సహాయకుడి గడిలో ఎందుకు సంతకం చేశారని హెడ్డాఫీసు ఆయన్ను సంజాయిషీ అడిగింది. కింద ఆయన జవాబు: "ఆ పనికి నేను సహాయకుణ్ణే." ఆ సంగతి ఆయన ఆమెతో ఒక్కనాడూ అనలేదు. ఆమెకు కళ్లు నిండిపోయాయి.

ప్రమోషన్ కాగితం చేతికి రాగానే ఆయన ఇంటికి వెళ్లింది.

"మీ మేలు ఈ జన్మకు మరిచిపోను సార్."

"మేలా, నా మొహం. సొమ్మొకడిది సోకొకడిదన్నట్టు బతికానమ్మా. నీకు ముందు ముగ్గురు ఆడపిల్లల్ని కౌంటర్ నుంచి తెచ్చుకుని పని చేయించుకున్నా. వాళ్లు రాసిన రిపోర్టులన్నిటికీ పైగడిలో నేనే సంతకం పెట్టా. ఒక్కరూ మేనేజరు కాలేదు."

ఆమెకు కోపం రావాలి. రాలేదు. ఇంత నిజం తన ముందు ఒప్పుకున్నవాళ్లు ఆ బ్యాంకులో ఇంకెవరూ లేరు. ఆ ముగ్గురూ ఎక్కడున్నారని మాత్రం అడిగింది.

"ఒకామె మానేసింది. ఇద్దరు ఇంకా కౌంటర్లోనే ఉన్నారు" అన్నాడు ఆయన తల దించుకుని. "వాళ్లలో ఒకామె, సోమవారం నువ్వు మేనేజరుగా చేరే బ్రాంచిలోనే."