అవనిగడ్డలో చెరిగిన సంతకం

ఫ్రెంచి చిత్రకారుడి సంతకం కోసం బందరు వెళ్తున్నానంటే ఇంట్లో నవ్వారు. నవ్వాల్సిన విషయమే. ఆయన చేసేవి ఎచింగులు. ఎచింగ్ అంటే రాగిరేకు మీద ఆసిడ్‌తో గీతలు చెక్కి, సిరా నింపి, కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ. నాకు పిచ్చి పట్టించిన ఈయన బొమ్మల్లోని మొహాలన్నీ అప్పుడే చెడ్డవార్త విన్నట్టుంటాయి. బొమ్మ కింద కుడిపక్క పెన్సిల్‌తో ఆయన సంతకం, ఎడమపక్క అది ఎన్నో కాపీయో చెప్పే అంకె ఉంటాయి. సంతకం లేనివి నేను ముట్టను. ఆరేళ్లు వెతికితే ఐదు దొరికాయి. ఆరోది తన కొట్టుకి వచ్చిందని బందరులో ఫ్రేములు కట్టే కరీముల్లా గారు ఫొటో పంపారు. అందులో సంతకం స్పష్టంగా ఉంది.

హైదరాబాదు రైలు పొద్దున్న ఆరింటికి గుడివాడలో దింపింది. స్టేషన్ బయట ఇడ్లీ తిని బస్సెక్కాను. పెడన మీదుగా బందరుకి గంటంబావు, టికెట్ వంద లోపే. కరీముల్లా గారి కొట్టులో దేవుళ్ల పటాలున్నాయి, పెళ్లి ఫొటోలున్నాయి. నా బొమ్మ మాత్రం లేదు.

"నాంచారయ్య గారు మొన్నే వెనక్కి పట్టుకెళ్లారండీ. పెడనలో బట్టల మీద అద్దకం పని చేసిన పెద్దమనిషి, ఇప్పుడు అవనిగడ్డలో కూతురు దగ్గర ఉంటున్నారు. మీరొస్తున్నారని నిన్న ఫోన్ చేశా. ఇస్తానన్నారు, వెళ్లండి."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు నా కొట్టుకొస్తారా ఏంటి? ముందు టీ తాగండి" అన్నారు. కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలియక టీ తాగాను.

పదిన్నర బస్సు చల్లపల్లి దాటి, కృష్ణ పాయ మీదుగా దివిసీమలోకి దిగేసరికి పన్నెండు కావొచ్చింది. నాంచారయ్య గారు వరండాలో చాప మీద బొమ్మ పరిచి సిద్ధంగా కూర్చున్నారు. అద్దకం నేర్చుకోవడానికి వచ్చిన ఒక ఫ్రెంచి ఆవిడ వెళ్లేముందు ఇచ్చిందట. మొహం అదే, కాగితం మూలన గోధుమరంగు మరకా అదే. బొమ్మ కింద మాత్రం తెల్లగా ఉంది. సంతకం లేదు, అంకె లేదు. ఫోన్లో ఫొటో చూశాను, కాగితం చూశాను, మళ్లీ ఫోన్ చూశాను. ఎవరైనా నన్ను బుట్టలో వేస్తున్నారా అని ఒక్క క్షణం అనుమానించాను. ఆ అనుమానానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"కింద పెన్సిల్‌తో ఏదో ఉండాలండీ" అన్నాను.

"ఉందిగా! మీరొస్తున్నారని పొద్దున్నే రబ్బరు పెట్టి శుభ్రంగా తీసేశా. మా పనిలో వరస వంకర పోకుండా పెన్సిల్ గీత గీసుకుంటాం, ఎన్నో బట్టో అంకె వేసుకుంటాం. ఉతుకులో అవన్నీ పోవాలి. పెన్సిల్ కనబడితే షావుకారు బట్ట తిప్పికొడతాడు. మనింటికొచ్చిన మనిషికి మాసిన సరుకు ఇస్తామా అండీ?"

ఫోన్ లోపల పెట్టేసి, తెల్లగా ఉన్న ఆ చోటు మీదికి వంగాను.

"మీ మొహమేంటి అలా అయిపోయింది?"

ఊరుకుని బొమ్మ పుచ్చుకుని ఉండాల్సిందేమో. అది బొమ్మ వేసినాయన పేరని చెప్పేశాను.

"పేరా?" పెద్దాయన చేతులు వెనక్కి తీసుకున్నారు. "మా బట్టల మీద ఎవరి పేరూ ఉండదు. అందుకే తట్టలేదండీ నాకు." బొటనవేలితో కాగితం అంచు తడిమారు. "గాడి ఉంది, చూడండి." కాగితాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే పెన్సిల్ నొక్కిన చోట సన్నటి గుంటలు కనిపించాయి. నాకు సగం అక్షరాలే తెలిశాయి. ఆయన వేలు ఆ పేరు మీద మొదటినుంచి చివరిదాకా నడిచింది.

"ఇక ఇది ఇవ్వలేనండీ. ఏమీ అనుకోకండి. ఆ పేరు చెరిపింది నేను. నా దగ్గరే ఉండాలి."

ఎంత బతిమాలినా వినలేదు. భోజనం పెట్టి పంపారు. నాలుగింటి బస్సులో ఖాళీ చేతులతో కూర్చుని, ఏడవాలో సంతోషించాలో తెలియక కాలవల్నే చూస్తూ ఉండిపోయాను. నిజం చెప్పి పోగొట్టుకున్నాను. ఇంటికొచ్చి నా ఐదు సంతకాలనీ కళ్లు మూసుకుని వేలితో తడిమాను. ఒక్కటీ చదవలేకపోయాను. ఆరేళ్లుగా నేను పోగేస్తున్నదేమిటో నాకిప్పుడు సరిగ్గా తెలియడం లేదు.

ఇలాంటి వాటికోసం వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగేది ఒకటే. బయల్దేరే ముందు వస్తువున్న ఇంటికే ఫోన్ చేయండి, దాన్ని తుడవొద్దని చెప్పండి.