మెరుపు పెట్టని చొక్కా

మా నాన్నగారు కొల్లేరు లంక గ్రామంలో మిషన్ బడి మేష్టారుగా చేసి రిటైరయ్యారు. మోకాలి లోతు బురదలో నడిచి బడికెళ్ళిన రోజుల్లో కూడా ఆయన చొక్కాకి మరక ఉండేది కాదట. ఏలూరు వచ్చాక ఆ పిచ్చి ఇంకా ముదిరింది. ఆఖరి జాడింపు నీళ్ళలో అమ్మ తెల్లబట్టల మెరుపు పొడి వెయ్యకపోతే ఆ చొక్కా ఆదివారం చర్చికి కాదుకదా, సోమవారం బజారుకి కూడా పనికిరాదు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఇంటింటికీ వస్తున్న రోజులు. నేను రోజూ పాసింజర్ ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి ఒక ల్యాబ్‌లో పరిశోధన చేసేదాన్ని. పువ్వులో పుప్పొడి రేణువు సన్నటి గొట్టం చాచుకుంటూ అండం దాకా వెళుతుంది. ఆ గొట్టం గోడలో సెల్యులోజ్ ఏం చేస్తుందో చూడటమే నా పని. అది సగంలో ఉండగా గణపవరం సంబంధం వచ్చింది. చదువు ఆపెయ్యాలన్నారు వాళ్ళు. నాన్నగారు సరేనన్నారు. నన్నొక్క మాట అడగలేదు. ఒళ్ళు మండి ఆయనతో మాట్లాడ్డం మానేశాను. చదువు ఆపేసే సంగతి ల్యాబ్‌లో నాకు గైడైన మేడమ్‌కి తనే మర్యాదగా చెప్పాలని నాన్నగారు ఒకరోజు నాతోపాటు బయల్దేరారు.

ఆయన నోరు విప్పేలోపే మేడమ్, ముందు మీ అమ్మాయి పని చూడండి మేష్టారండీ అంటూ చీకటి గదిలోకి తీసుకెళ్ళారు. మైక్రోస్కోప్‌కున్న అతినీలలోహిత దీపం వెయ్యగానే నాన్నగారి చొక్కా నీలంగా వెలిగిపోయింది, స్లయిడ్ చూడనివ్వనంతగా. నూలు కూడా సెల్యులోజే. మేం స్లయిడ్ మీద వేసే రంగూ, అమ్మ వేసే పొడీ ఒకే జాతివి, సెల్యులోజ్‌కి పట్టి ఆ దీపానికి మెరుస్తాయి. చొక్కా విప్పక తప్పలేదు. తీరా చూస్తే బనీనూ వెలిగింది. పరాయివాళ్ళ ముందు చొక్కా గుండీ కూడా విప్పని మనిషి, మైక్రోస్కోప్ మీద కప్పే నల్లగుడ్డ చుట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. కోపంగా ఉందామనుకున్నా నా వల్ల కాలేదు.

బిళ్ళగన్నేరు పుప్పొడి చూపించాను. గొట్టాల పక్కగోడలు మెరుస్తున్నాయి. కొస దగ్గర మాత్రం ఆ మెరుపు ఉందా లేదా అన్నట్టుంది. రెండో స్లయిడ్‌లో కొసలు ఉబ్బి పగిలిపోయి ఉన్నాయి. ఎందుకలా అని అడిగారు. సెల్యులోజ్ తయారవకుండా మందు కలిపామని చెప్పాను.

"కొసన ఉండేది కొంచెమే నాన్నగారూ. ఆ కొంచెం కూడా లేకపోతే పగిలిపోతుంది."

"మరీ ఎక్కువైతే?"

"బిగుసుకుపోయి ముందుకెళ్ళలేదండి."

ఆయన చాలాసేపు కన్ను తియ్యలేదు. బయటికొచ్చి చొక్కా తొడుక్కుని, మేడమ్‌కి నమస్కారం పెట్టి, చెప్పాల్సింది చెప్పకుండానే వచ్చేశారు. నాకు భయమేసింది.

మర్నాడు పొద్దున్న అమ్మ బట్టలు జాడిస్తుంటే పక్కన నిలబడ్డారు.

"ఒక చొక్కాకి ఆ పొడి వెయ్యకు."

"ఏవండీ, ఒంట్లో బాగానే ఉందా?" అంది అమ్మ.

"అమ్మాయి ల్యాబ్‌కి నేను వేసుకెళ్ళాలి. పని పూర్తయ్యేదాకా అప్పుడప్పుడు వెళ్ళి చూస్తాను. గణపవరం వాళ్ళని ఆగమని చెప్పాను."